ఎడమకు తిప్పితే

మూతపడ్డ పందేల మైదానంలో నా కూతురు మొరీన్ మా పందెపు గుర్రం పెనీని బండికి కట్టి, కుడివైపుకే తిప్పుతూ నడిపిస్తోంది.

“గొర్రెపిల్లలా ఉందే! మా పిల్లలు ఇక దీని బండిలోనే బడికెళ్తారు,” అన్నాడు మత నియమం ప్రకారం కార్లెక్కని మెనొనైటు రైతు ఎనోస్.

బండిలో పిల్లలు ఎక్కుతారని నాకు అంతవరకూ తెలీదు. ఈ గుర్రం పోతే మొరీన్ పందేలు మానుతుందని అమ్మిస్తున్నది నేనే. ఎడమకు తిప్పొద్దని కూతురికి చెప్పిందీ నేనే.

“బేరం ఖాయం చేద్దామా అక్కా?”

“ఆగు తమ్ముడూ. మొరీన్, ఎడమకు తిప్పవే!”

“నువ్వేగా వద్దన్నావు?”

“తిప్పమన్నానా!”

పందేల్లో గుర్రాలన్నీ పరుగెత్తేది ఆ వైపే. తిప్పీ తిప్పగానే పెనీ బాణంలా దూసుకుపోయింది.

“అమ్మబాబోయ్! మా పిల్లలు ఏమైపోయేవారో!” అంటూ ఎనోస్ టోపీ పట్టుకుని వెళ్లిపోయాడు.

మొరీన్ రొప్పుతూ వచ్చింది. “ఇంకా మూతపడని మైదానం ఒకటుందమ్మా. చాలా దూరం.”

“దారంతా మంచుంటుంది. మెల్లగా వెళ్లు,” అన్నాను.