కారు దగ్గిన సాయంత్రం

"ఇది కాదు బాబాయ్. మరీ నున్నగా ఉంది."

మెకానిక్ ఇంజన్ ఆపేసి తల పట్టుకున్నాడు. స్పార్క్ ప్లగ్ ఊడదీసి ఆమె ముక్కు కింద పెట్టాడు. దాని కొస బిస్కెట్ రంగులో ఉంది. పెట్రోలూ గాలీ సరిగ్గా కలుస్తున్నాయనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదన్నాడు. ఇంత చక్కగా పాడే ఇంజన్ని వద్దన్న మనిషిని తన జన్మలో చూడలేదన్నాడు.

"పాడక్కర్లేదు. దగ్గాలి. సందు మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే దగ్గాలి, అన్నయ్య కారులా."

ఆ మాట వినగానే ఆయన పానా అందుకున్నాడు.

అన్నయ్య కారూ ఇదీ ఒకే రకం. పాత రేసు కార్లు, రెండేసి కార్బరేటర్లవి. ఒక్కోదాంట్లో సన్నటి ఇత్తడి సూది ఉంటుంది. సూది లావైతే పెట్రోలు తగ్గుతుంది, సన్నమైతే పెరుగుతుంది. ఇంజన్ గొంతంతా ఆ సూదుల్లోనే ఉంటుంది. అన్నయ్య కారు సూదులే తెచ్చి పెడదామంటే, ఆ కారు ఘాట్‌రోడ్డు కింద లోయలో కాలి ముద్దయిపోయింది. అన్నయ్య అందులోనే ఉన్నాడు.

అప్పటికి నాన్న గుండెపోటుతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయనకు చెప్పలేదు. ఈ గుండె చిన్న దెబ్బకు కూడా తట్టుకోదని డాక్టర్ ముందే హెచ్చరించాడు. ఇంటికి తీసుకొచ్చే రోజున ఆమె గడప దగ్గరున్న అన్నయ్య చెప్పులు తీసి అటక మీద దాచింది. వీధిలో వాళ్ళందరి దగ్గరా మాట తీసుకుంది. నాన్న లోపలికి వస్తూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"వాడేడీ?"

పోటీలకు ఊరెళ్ళాడని చెప్పింది. ఓహో అన్నాడు. మళ్ళీ అడగలేదు.

కానీ ముద్ద ముట్టడం మానేశాడు. మింగాడనుకున్న మాత్రలు దిండు కింద దొరుకుతున్నాయి. ఇలాగే ఉంటే ఈ వారం గడవడం కష్టమని డాక్టర్ తేల్చేశాడు. కారణం ఆమెకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో సాయంత్రం భోజనానికి గడియారంతో పని లేదు. సందు మలుపులో అన్నయ్య కారు దగ్గితే, "వచ్చాడు, వడ్డించు" అని నాన్న కంచం ముందు కూర్చునేవాడు. ఇప్పుడూ మంచం మీద పడుకుని ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు. ఒక్కసారి వినిపిస్తే చాలు, నాలుగు ముద్దలు తింటాడు. తర్వాతి సంగతి తర్వాత.

ఈ కారు సర్వీసుకు రావడమే ఆమె అదృష్టం. మర్నాడు రాత్రికల్లా యజమాని వచ్చి పట్టుకెళ్తాడు. డబ్బాలో ఉన్న సూదులు ఒక్కొక్కటే మార్చి చూశారు. లావుదానికి ఇంజన్ ఆయాసపడి ఆగిపోయింది. సన్నదానికి షెడ్డంతా నల్లటి పొగ కమ్మింది.

"ఇది దగ్గు కాదమ్మాయ్, క్షయ," అన్నాడు మెకానిక్. ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంచం పట్టుకుని నాన్న పక్కన కూర్చుంది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"నీ చేతులు పెట్రోలు కంపు కొడుతున్నాయేమే?"

"స్కూటర్ తుడిచాను నాన్నా."

ఆయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి సణుగుడు మొదలైంది. కిటికీ రెక్క కిర్రుమంటోందట, నూనె వెయ్యాలట. కుళాయి కారుతోందట. వాడి కారులో మొదటి కార్బరేటర్ సూదిని మెడ కింద తనే కాస్త అరగదీశాడట, రెండోదాన్ని ముట్టుకోలేదట, వాడికి ఆ దగ్గంటే సరదా అట. మళ్ళీ కుళాయి.

ఆమె కంచం అక్కడే వదిలేసి పరిగెత్తింది.

మెకానిక్ ఈ విద్య నేర్చుకున్నది నాన్న దగ్గరే. అయినా ఈ ముక్క ఆయనకూ తెలియదు. సూదిని డ్రిల్లుకు బిగించి తిప్పుతుంటే, ఆమె సన్నటి ఎమరీ కాగితాన్ని మునివేళ్ళతో దాని మెడ కింద ఆనించి పట్టుకుంది. కాగితం వేడెక్కి వేళ్ళు కాలుతున్నా వదల్లేదు. మొదటిది మరీ ఎక్కువ అరిగిపోయింది. రెండోది వంగిపోయింది.

"ఇక ఇదొక్కటే ఉంది. ఇదీ పాడైతే యజమాని కారుకు సూదుండదు, నా కొట్టుకు తలుపుండదు," అన్నాడు మెకానిక్.

మూడోదాన్ని ఊపిరి బిగబట్టి అరగదీసింది. బిగించారు. ఆయన యాక్సిలరేటర్ తొక్కి వదిలాడు. ఇంజన్ గుర్రుమని, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు టప్ టప్ మంది. మెకానిక్ ఇంకోసారి తొక్కి వదిలాడు. మళ్ళీ అదే దగ్గు.

"వాడే," అన్నాడు.

వెలుగు పోకముందే సందులోంచి ఒకసారి వెళ్ళిపొమ్మని, ఇంటి ముందు మాత్రం ఆపొద్దని ఆయనకు చెప్పి ఇంటికొచ్చింది. కంచం సర్దుకుని నాన్న పక్కన కూర్చుంది. దూరంగా ఇంజన్ శబ్దం. దగ్గరైంది. మలుపు.

టప్. టప్.

నాన్న కళ్ళు తెరిచాడు. చాలాసేపు పైకప్పువైపే చూశాడు. తర్వాత మోచేతులు ఊని నెమ్మదిగా లేచి కూర్చున్నాడు.

"వచ్చాడు. వడ్డించు."

ఆమె ముద్దలు కలిపి పెట్టింది. వద్దనకుండా తిన్నాడు. అన్నయ్య తిన్నగా షెడ్డుకు వెళ్ళాడనీ, మళ్ళీ ప్రయాణం ఉందట, ఎప్పుడొస్తాడో తెలియదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. వాడెప్పుడూ అంతే అన్నట్టు ఆయన తలూపాడు. మాత్రలు తనే అడిగి తీసుకుని వేసుకున్నాడు. నోరు తెరిచి నాలుక కూడా చూపించాడు, చిన్నపిల్లాడిలా.

గెలిచాననుకుంది. కళ్ళు తుడుచుకుని కంచం తీసుకుని లేవబోయింది. నాన్న ఆమె చెయ్యి పట్టి ఆపాడు. తోలు లేచిన ఆమె మునివేళ్ళను బొటనవేలితో ఒక్కొక్కటే నిమిరాడు.

"సూది చక్కగా అరగదీశావు, తల్లీ."