తలనొప్పి అని చెబుదాం

సాయంత్రం రిసెప్షన్. కొత్త కోడలు వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్లూపుతోంది.

ఈ ఇంట్లో ప్రతిదీ ఆమెకు ముద్దొస్తోంది. గట్టు మీద వాలిన ఎండ ముక్క, మొగుడు వెనకనుంచి వచ్చి భుజం తట్టడం, పొద్దున్నే ఇద్దరూ ఒకే గ్లాసులో కాఫీ తాగడం, అన్నీ.

అత్తగారి అక్క చూపులే మింగుడుపడటం లేదు.

పిండి కలుపుతున్న ఆ పెద్దత్త, కోడల్ని ఎగాదిగా చూసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ మొదలుపెట్టింది.

"స్టేజీ మీద కాసేపు నిలబడు. కొత్త కోడలు మాట్లాడాలి అంటారు చూడు, ఆలోపే లోపలికెళ్లిపో. తలనొప్పి అని చెబుదాం."

"నాకు తలనొప్పి లేదుగా, పెద్దత్తయ్యా?"

"మాట్లాడావంటే నీ లోపం ఊరందరికీ తెలిసిపోతుంది తల్లీ! మా కాలంలో ఇలాంటి సంబంధాన్ని గుమ్మంలోంచే పంపేసేవాళ్లు. మావాడిది వెన్నలాంటి మనసు కాబట్టి సరిపోయింది. రేపు పిల్లలూ నీలాగే పుడితే?"

"పుట్టనివ్వండి. బొద్దుగా, ముద్దుగా ఉంటారు."

పక్కనే పళ్లేలు సర్దుతున్న అత్తగారు కంగారుగా వెనక్కి జరిగింది. మోచెయ్యి తగిలి స్టీలు పళ్లేల దొంతర కిందపడింది. కోడలు ఒక్కతే ఉలిక్కిపడింది.

"చూశావా, అయినదానికీ కానిదానికీ అదిరిపడుతుంది పిచ్చి పిల్ల!" అని పెద్దత్త తల కొట్టుకుంది.

గుమ్మంలోంచి మొగుడు కన్ను కొట్టాడు. అంతే, కోడలికి ఏనుగంత బలం వచ్చింది.

హాలు కిక్కిరిసింది. ఆమె వంతు రాగానే పెద్దత్త కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. కోడలు కొంగు విడిపించుకుని స్టేజీ మధ్యకు నడిచింది.

"నాకు తలనొప్పి లేదు. నేనెప్పుడూ ఇంతే. మీవాడు జాలిపడి చేసుకోలేదు, వెంటపడి చేసుకున్నాడు!"

మధ్యమధ్యలో తడబడింది. ఒకచోట 'మొగుడు' అనబోయి 'మేక' అనేసింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మేక మరీ నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి, మాట సరిదిద్దుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పేసింది.

హాలంతా చేతులు పైకెత్తి ఊపింది. పెద్దత్త మాత్రం చేతులు కట్టుకుని బిగుసుకుపోయింది.

లోపలి గదివైపు చూడనైనా చూడకుండా కోడలు స్టేజీ దిగింది. మూడు తరాలుగా చేతులతోనే మాట్లాడుకునే ఆ కుటుంబంలో, చెవులు వినిపించే మొట్టమొదటి మనిషి, ముందు వరసలో పెద్దత్త పక్కనే దర్జాగా కూర్చుంది.