ఎండ పడని పెరడు

మూడోసారి కూడా మొక్క కుళ్లింది.

రాజేశ్వరమ్మ దాన్ని వేళ్లతో సహా పీకి గోడకేసి కొట్టింది. మొదట కనకాంబరం, తర్వాత మందారం, మళ్లీ కనకాంబరం. అన్నీ అంతే.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాదే పక్కింటివాళ్లు మేడ కట్టారు. ఇటువైపు ఒక్క కిటికీ కూడా లేని గోడ. అప్పటి నుంచి ఈ పెరట్లో ఎండ పడదు. స్నానాల నీళ్లు ఇంకి బంకమట్టి ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది. మార్కాపురమంతా ఎండిపోయి నోరు తెరుచుకుంటే ఈ మూల మాత్రం నాచు పడుతుంది.

"శ్రావణ శుక్రవారానికి గుప్పెడు పూలు పూయాల. నేనడిగేది అంతే కదా," అంది విసుగ్గా.

కోడలు వసుంధర మోచేతుల దాకా బురదతో నిలబడి ఉంది.

"ముందర వాకిట్లో బోలెడు ఎండ ఉంది కదత్తా. ఆడ పెడదాం."

"ఆడ వద్దు. తవ్వు."

చివరికి పూలతోట మస్తానయ్యను పిలిపించింది. అతను పిడికెడు మట్టి తీసి పిసికాడు. అది వేళ్ల సందుల్లోంచి ముద్దగా జారింది.

"పసుపు పెట్టుకో తల్లీ, దుంప బాగా ఊరతాది. తమలపాకు తీగె పాకుతాది. చేమ అయితే చెప్పనే అక్కర్లా."

"పసుపూ తమలపాకులూ నాకెందుకు? పూలు కావాల."

"అట్లయితే సన్నజాజి పెట్టి చూడు."

"వాసనొచ్చేవి వద్దు."

మస్తానయ్యకు తిక్క రేగింది. "ఎండలో వద్దంటివి. వాసన వద్దంటివి. ఇంక అది పువ్వెట్లయితాది తల్లీ? నువ్వు చంపుకున్న కనకాంబరమే గతి. కాస్తో కూస్తో నీడకు ఓర్చుకునేది అదే. అయితే వేరు కింద నీళ్లు నిలవకూడదు."

పలకల కార్ఖానా వెనక పారేసిన ముక్కలు తెచ్చి అడుగున పరవాలి. ఏటి ఇసుక, మాగిన పేడ కలిపి మోకాలెత్తు మడి కట్టాలి. కూలివాళ్లను పెట్టడానికి రాజేశ్వరమ్మ ఒప్పుకోలేదు. ఆ చాకిరీ అంతా వసుంధర నెత్తిన పడింది.

గంప మోసుకొస్తున్న ఆ పిల్లను చూసి పక్కింటి చెన్నమ్మ ఉండబట్టలేకపోయింది.

"ఎందుకక్కా పాపం దాన్ని ఇట్ల రాచి రంపాన పెడతావు? కాశమ్మ రోజూ వీధిలోకి పూలబుట్ట తెస్తనే ఉంది. దేవుడికి మూరెడు కొనరాదా?"

"నా పెరడు, నా కోడలు. నీకేంది మధ్యలో?"

లోపలికొచ్చాక వసుంధర గంప దించి, "నావల్ల కాదత్తా. ఈ మట్టిలో ఏదీ బతకదు," అంది.

ఆ మాటకు రాజేశ్వరమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే చూపించింది.

"బతుకుతాది. ఇంకో గంప తీసకరా."

ఆరు మొక్కలు నాటితే నాలుగు పోయాయి. మిగిలిన రెండూ బక్కచిక్కి, ఆకులు వేలాడేసి, సరిగ్గా శ్రావణంలో ఎలాగో పూశాయి. గుప్పెడంటే గుప్పెడే. రాజేశ్వరమ్మ అరటినారతో దండ కట్టింది.

చెన్నమ్మ వచ్చి బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. "మోకాళ్లు నొప్పి, రాలేను," అని రాజేశ్వరమ్మ పంపేసింది.

ఆ సాయంత్రం వీధిలోని ఆడవాళ్లంతా పేరంటంలో ఉండగా రాజేశ్వరమ్మ తలుపు గడియ పెట్టి, కోడలిని ముందు కూర్చోబెట్టుకుని, మూడేళ్ల కిందట కొడుకు పోయిన పదో రోజున తానే దగ్గరుండి పూలు తీయించిన ఆ జడలో కనకాంబరాల దండ తురిమింది.