ఫోటో అయ్యేదాకా

"ఎక్కొద్దయ్యా, నా మాట విను!" మెహర్ పరంజా కర్రను గోటితో గీకింది. పొట్టు రాలింది. లోపలంతా చెదలే.

"ఊరుకోవే," అన్నాడు కలీం, తాపీని నడుముకి దోపుకుంటూ. "ఎక్కకపోతే రేపట్నుంచి పనిలోకి రావొద్దంటారు."

చుట్టూ పొలాల్లో మిరప పండుబారుతోంది. కాయ ఇంటికొచ్చేలోపు ఈ కోల్డ్ స్టోరేజీ పూర్తి కావాలి. పైన ఇంకా ఒక గోడకి పూత మిగిలే ఉంది.

సూపర్‌వైజర్ అంకమ్మరావు పరుగున వచ్చాడు.

"సేఫ్టీ ఆఫీసరు గారొస్తున్నారు! మూట విప్పండ్రా!"

మూటనిండా పసుపు హెల్మెట్లు.

"అద్దెకి తెచ్చినయ్యి. గీత పడిందో, ఓనరు ఊరుకోడు."

కలీం ఒకటి పెట్టుకుని కర్రలెక్కేశాడు. మెహర్ కూడా ఒకటి నెత్తిన పెట్టుకుంది. ఎవరిదో పాత చెమట కంపు గుప్పుమంది.

"అంకమ్మరావు గారూ, టోపీలెందుకండీ? ఆ కర్రలు మార్పించండి. మనిషి పడిపోతాడు."

"నేనా మార్చేది? కర్రలాయన్ని అడిగితే మీరిచ్చే రేటుకి ఇవే వస్తాయంటాడు. కాంట్రాక్టర్ని అడిగితే గడువు దాటితే పైవాళ్ళు చంపేస్తారంటాడు. ఆ పైవాళ్ళకి కావాల్సింది ఫోటో తల్లీ, కర్ర కాదు."

"అయితే ఆఫీసరుకే చెప్తా."

"చెప్పుకో," అని పళ్ళికిలించాడు అంకమ్మరావు.

తెల్ల కారు వచ్చి ఆగింది. ఇస్త్రీ చొక్కా నలగకుండా దిగాడు ఆఫీసరు. కూలీలందరినీ వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. పైనున్న కలీంకి చెయ్యూపి, "ఇటు చూడు, నవ్వు!" అని ఇంకొకటి తీశాడు.

మెహర్ ముందుకెళ్ళింది.

"సార్... మా ఆయన ఎక్కిన కర్ర ఒక్కసారి చూడండి సార్."

ఆయన కర్రను పెన్నుతో పొడిచాడు. పెన్ను సగందాకా దిగబడింది. చెదపురుగొకటి వేలి మీదికి పాకితే ముఖం చిట్లించి జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"నిజమేనమ్మా. చాలా ప్రమాదం. ఏ క్షణమైనా విరుగుద్ది."

ఆ మాటకే మెహర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వినే మనిషి ఒకడు దొరికాడు. ఇక దింపేస్తాడు.

ఆఫీసరు నాలుగడుగులు వెనక్కి వేసి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పైకి కేకేశాడు.

"ఒరేయ్ బాబూ! కర్ర విరిగేట్టుంది. నువ్వు పడితే నేను అద్దెకిచ్చిన హెల్మెట్టు పగులుద్ది. ముందు దాన్ని తాడుకి కట్టి కిందికి దించు, పెదకాకాని సైటులో ఫోటోలు తియ్యాలి!"