ఇసుకలో బండిచక్రాలు

"ముందు చక్రాలు ఊడదీయండ్రా! ఎద్దుల సంగతి తరవాత" అని అరిచాడు పోలేరయ్య.

సరుగుడు తోపు దగ్గర పంచాయతీ సమితి జీపు ఆగింది. ఇసుకలో అది ఇంక ముందుకు రాదు. అందులోంచి దిగినవాళ్ళు నడుచుకుంటూ పాళేనికి చేరేలోపల మాలకొండమ్మ బండి మాయమైపోవాలి. పోలేరయ్య ఊరికి పెద్దకాపు, పాళెంలో ఆయన మాటే చెల్లుతుంది. నడిసముద్రంలో గాలి తిరగబడినా కంగారుపడని మనిషి, జీపు చప్పుడు వింటే మాత్రం కాలు నిలవదు.

చక్రాలను ఇసుకలో పూడ్చారు. బండిని బోర్లించి పైన వలలు ఆరేశారు. నీళ్ళ పీపాను మాలకొండమ్మ గుడిసెలోకి దొర్లించారు. ఎద్దులను ఊరికి అవతలిపక్క ముళ్ళకంపల చాటుకు తోలేశారు.

పాళెం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క బండే. మొగుడు పోయాక మాలకొండమ్మకు అదే ఆధారం. పొద్దున ఎండుచేపలు వేసుకుని విడవలూరు పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు రైతుల బావి దగ్గర పీపా నింపుకొస్తుంది. పాళెంలో ఎక్కడ చెలమ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. ఆ బండి లేకపోతే ఆమెకు కూడూ లేదు, ఊరికి గొంతు తడుపుకునే దారీ లేదు.

కిందటేడు ఇలాగే ఒకాయన వచ్చి, "ఏం లేదు, ఊరికే లెక్క కోసం" అంటూ ఇళ్ళూ బండీ రాసుకుని పోయాడు. నెల తిరక్కుండా బండి పన్ను వచ్చిపడింది. ఎందుకని అడిగితే రోడ్డుకన్నారు. రోడ్డేదని అడిగితే కసిరారు. మాలకొండమ్మకు ఒళ్ళు మండి ఈ ఏడు పన్ను కట్టలేదు. కట్టనివాళ్ళ బండ్లు జప్తు చేస్తామని మొన్ననే దండోరా వేయించారు కూడా. అడిగినదానికి జవాబు చెప్పడం రానివాళ్ళకు దండోరా వేయించడం మాత్రం బాగా వచ్చు.

ఆఫీసరు పేరు పద్మనాభయ్య. కళ్ళజోడు, చెమటకు తడిసిన చొక్కా. వెనక గొడుగు పట్టుకుని బంట్రోతు మస్తానయ్య. వలలు ఆరేసిన చోటే, బండికి జానెడు దూరంలో నిలబడి అడగడం మొదలుపెట్టాడు ఆఫీసరు.

"మీ ఊళ్ళో బండి ఒకటి ఉండాలే?"

"ఉండేది సారూ. అమ్మేసినా" అంది మాలకొండమ్మ.

"ఎందుకమ్మేశావు?"

"పన్ను కట్టలేక."

ఆయన ముఖం కాస్త చిన్నబోయింది. అక్కడున్నవాళ్ళ పిల్లల్ని గురించి, పశువుల్ని గురించి అడిగాడు. పోలేరయ్య అన్నిటికీ సగానికి సగం తగ్గించి చెప్పాడు.

"సారూ, ఇంతకీ ఇదంతా ఎందుకడగతా ఉండారు?" అని చివరికి తెగించాడు.

"ఏం లేదు. ఊరికే లెక్క కోసం."

ఆ మాట చెవిన పడగానే అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇక ఆ మనిషికి ఆ ఊళ్ళో నిజం పుట్టదు.

ఎండ మండిపోతోంది. "కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?" అన్నాడు ఆయన.

గుమ్మం పక్కన కుండలో చెలమ నీళ్ళున్నాయి. కానీ ఎండన పడి వచ్చిన మనిషికి ఉప్పునీళ్ళు పోయడానికి మాలకొండమ్మకు మనసొప్పలేదు. లోపలికెళ్ళి పీపాలోంచి ముంచుకొచ్చింది. ఆయన నెమ్మదిగా తాగి, చెంబు ఇంకోసారి చాపాడు.

"నీళ్ళు బాగున్నాయమ్మా. ఎక్కడివి?"

వెనకనుంచి పోలేరయ్య దగ్గాడు. దూరంనుంచి అంటే, ఎట్లా తెచ్చావంటాడు. ఎట్లా అంటే బండి బయటపడుతుంది.

"ఊళ్ళోవే సారూ. ఈ పక్కనే చెలమ."

"సముద్రం ఇంత దగ్గర పెట్టుకునా?"

"మా అదురుష్టం సారూ. కొబ్బరినీళ్ళ మాదిరి ఉంటాయి."

పద్మనాభయ్య ఆమె వంక అలాగే చూశాడు. "బాగా ఆలోచించి చెప్పమ్మా."

"అబద్ధం చెప్తానా సారూ? మీరే తాగినారు గదా!"

ఆయన ఆమె చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాడు. దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు.

తోపు దగ్గరికొచ్చాక మస్తానయ్య ఆగలేకపోయాడు. "సారూ, దారిపొడుగునా బండిచక్రాల గాడి కనపడతానే ఉంది."

"చూశాను. బండి కోసం మనం రాలేదు గదా, ఉండనీ."

"అయితే వచ్చిన పని ఇదీ అని ఒక్క ముక్క చెప్పుంటే పోయేది గదా? ఆ ఆడమనిషి భయంతోనే అట్లా చెప్పింది."

"చెప్పకూడదని పైనుంచి ఆర్డరు. ముందే చెప్పిన ఊళ్ళల్లో ఏమైంది? అందరూ ఒకే పాట పాడినారు. ఒక్కడన్నా నిజం చెప్పినాడా?"

"చెప్పని ఊళ్ళల్లో మాత్రం చెప్తా ఉండారా?"

 పద్మనాభయ్యకు వెనక్కి వెళ్ళి ఉన్నమాట చెప్పేద్దామా అనిపించింది. ఆర్డరు గుర్తొచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది. తనమీద తనకే చీదర పుట్టి, జీపెక్కాడు.

పాళెంలో చక్రాలు పైకి తీస్తూ ఒకటే నవ్వులు.

"మేయ్ మాలకొండమ్మా, కలెక్టరునైనా బోల్తా కొట్టిస్తావే నువ్వు!" అన్నాడు పోలేరయ్య.

ఆమె నవ్వలేదు. "మంచోడి మాదిరే ఉండాడన్నా. రెండోసారి అడిగినప్పుడు చెప్పేద్దామనిపించింది."

"చెప్పుంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసులే" అంటూ ఆమె ఎద్దుల్ని కాడికి కట్టి, పీపా ఎక్కించి, మూడు మైళ్ళ అవతలి బావికి బండి తోలింది.

పద్మనాభయ్య వచ్చింది, మంచినీళ్ళు లేని ఊళ్ళకు బోరింగు వేయించడానికి.