మంచు విడిచేదాకా

"ఎక్కు విజయా, బస్సు రాదు," అన్నాడు అహరోను. బండి ఆపి ఒక కాలు నేలమీద మోపాడు.

"వస్తుంది. నేను బస్సులోనే వస్తానని చెప్పాను కదా," అంది విజయకుమారి, అతని వైపు చూడకుండా.

కలిదిండి సెంటరంతా మంచులో మునిగిపోయింది. రోడ్డుకి అవతలున్న మందుల కొట్టు కూడా కనబడడం లేదు. బస్సు కోసం వచ్చినవాళ్ళు చూసి చూసి ఇళ్ళకు మళ్ళిపోయారు. ఆమె ఒక్కతే మిగిలింది.

"భీమవరం నుంచి రావాల్సిన బస్సు దారిలోనే ఆగిపోయిందంట. ఫోన్ చేసి కనుక్కున్నాను. నువ్వు రాకుండా నేనొక్కణ్ణీ ఏలూరు వెళ్ళి ఏం చెయ్యను?"

అదీ నిజమే. ఇద్దరూ ఉంటేనే అక్కడ పని. ఆమె కాసేపు నిలబడి, అతను అందించిన హెల్మెట్ అందుకుంది. ఎక్కబోతూ ఆగింది.

"ఆ పల్చటి స్వెట్టరొక్కటేనా? చలిగాలికి అడ్డంగా లోపల పేపరు పెట్టుకోలేదా?"

"పెట్టేవాళ్ళెవరు?"

విజయకుమారి తను కూర్చోవడానికి బస్టాపు బల్లమీద పరుచుకున్న పేపరు తీసి, దులిపి, మడిచి ఇచ్చింది. అహరోను దాన్ని స్వెట్టరు లోపల గుండెల మీదుగా దోపుకున్నాడు. ఆమె ఇద్దరి మధ్యా చేతిసంచీ పెట్టుకుని, వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది.

కైకలూరు దాటి కొల్లేటి రోడ్డెక్కేసరికి మంచు ఇంకా చిక్కబడింది. రెండు పక్కలా చేపల చెరువులున్నాయని, నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు వల్ల తెలుస్తోంది తప్ప, నీళ్ళెక్కడో గట్టెక్కడో తెలియడం లేదు.

"లైటు డిమ్ చెయ్యండి," అంది వెనక నుంచి. "మంచులో పై లైటు వేస్తే ఎదురుగా తెల్లగా తప్ప ఇంకేం కనబడదని మీరే అనేవారు."

"అన్నీ గుర్తున్నాయే!"

"గుర్తుండక!"

పెళ్ళైన కొత్తలో ఆమె ఏలూరులో నర్సు ట్రైనింగు చేసేది. ఆ చలికాలమంతా ఇదే రోడ్డుమీద, ఇలాంటి మంచులోనే రోజూ దింపేవాడు. అప్పుడామె చేతులు కడ్డీ మీద ఉండేవి కావు, అతని స్వెట్టరు జేబుల్లో ఉండేవి. క్రిస్మస్‌కి గుడిలో పాడాల్సిన పాటలన్నీ అతని వీపు వెనకే ప్రాక్టీసు చేసేది. చలికి పళ్ళు టకటకలాడి పాట మధ్యలో తెగిపోతే ఇద్దరూ నవ్వుకునేవారు. బండి ఊగుతోందని అతను కోప్పడేవాడు, నవ్వుతూనే.

ఇప్పుడు వెనక పాట లేదు.

రోడ్డు నల్లగా మెరుస్తోంది. ముందెళ్ళిన చేపల లారీలు ఐసునీళ్ళు కార్చుకుంటూ పోయినట్టున్నాయి. అహరోను వేగం ఇంకా తగ్గించాడు. వేళ్ళు కొయ్యబారిపోయాయి. బ్రేకు మీద చెయ్యి ఉందో లేదో కూడా తెలియడం లేదు.

"ఏవండీ! ఆపండి!"

ముందు ఆ పిలుపే వినపడింది. ఆ తరవాతే లారీ కనపడింది, రోడ్డుకి అడ్డంగా, ఒక్క లైటూ లేకుండా. చేతి బ్రేకు నొక్కబోతే వేళ్ళు వంగలేదు. కాలి బ్రేకు మెల్లమెల్లగా తొక్కాడు. బండి పక్కకి జారి, ఊగి, లారీ వెనక తలుపుకి జానెడు దూరంలో నిలబడింది.

మధ్యలో ఉన్న చేతిసంచీ ఎప్పుడు పడిపోయిందో రోడ్డుమీద ఉంది.

విజయకుమారి దిగి వచ్చింది. "చేతులు ఇలా ఇవ్వండి." అతని రెండు చేతుల్నీ తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. "ఐసుగడ్డల్లా ఉన్నాయి. గ్లవ్స్ ఏవి?"

"చిరిగిపోయాయి. మళ్ళీ కొనలేదు."

"ఇలాగే తిరుగుతున్నారా, ఈ రోడ్డుమీద?"

అతను తల దించుకున్నాడు. "నెమ్మదిగానే వెళ్తాన్లే," అన్నాడు.

"నేను చూడకపోతే ఏమయ్యేది?" అంది ఆమె. చేతులు వదల్లేదు.

కొంచెం ముందు గట్టుపక్కన టీ పాక ఉంది. బండి నడిపించుకుంటూ అక్కడికి వెళ్ళారు. పాక నడిపే పెద్దావిడ వెంకటనరసమ్మ, లారీ సంగతి విని గుండెల మీద చెయ్యేసుకుంది. ముందు వాళ్ళని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"మంచు విడిచేదాకా కదలకండమ్మా. ఎండ తగిల్తే అదే పోద్ది."

"ఏలూరులో పనుందండీ. ఇప్పటికే ఆలస్యమైంది," అన్నాడు అహరోను.

"ఉంటే ఉందిలే బాబూ! మీరు వెళ్ళకపోతే ఆగిపోద్దా ఏంటి?"

అహరోను గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. విజయకుమారి పొయ్యిలో మంట వైపు చూసింది, అతని వైపు చూసింది.

"ఆగిపోతుందండీ," అంది నెమ్మదిగా. తరవాత తన గ్లాసు ముందుకి జరిపింది. "ఇంకో రెండు టీలు ఇవ్వండి."

మంచు విడిచింది. చెరువుల మీద ఎండ పరుచుకుంది. అప్పటి క్రిస్మస్ పాటల్లో ఒకదాని రెండో చరణం అహరోను తప్పుగా పాడితే ఆమె దిద్దింది. అతను మళ్ళీ తప్పే పాడాడు. అడ్డంగా ఉన్న లారీని తీశాక బస్సులు తిరగడం మొదలుపెట్టాయి. ఒకటి ఏలూరు వైపు వెళ్ళింది, ఇంకొకటి కూడా వెళ్ళింది. వాళ్ళు లేవలేదు.

సరిగ్గా అప్పుడే ఏలూరు కోర్టు వరండాలో బంట్రోతు, విడాకుల కేసులో అహరోను, విజయకుమారిల పేర్లు మూడోసారి కేకేసి, ఎవరూ పలకకపోయేసరికి లోపలికి వెళ్ళిపోయాడు.