చాంపియన్ రీఫ్స్‌లో రెండు సర్వర్లు

కారు వెనక సీట్లో రెండు ఇనుప పెట్టెలు పక్కపక్కన కూర్చున్నాయి. రెండింటికీ సీటు బెల్టు పెట్టి ఉంది.

తన గది ముందు ఆగిన కారు అద్దంలోంచి జయరాం లోపలికి తొంగి చూశాడు. "ఏందమ్మా ఇవి?"

"సర్వర్లు అంకుల్. వీటికి ఇల్లు వెతుకుతా ఉండాను."

ఆ అమ్మాయి శ్రీరక్ష. పక్కనే ఊరిగాంలో పుట్టి పెరిగింది. కోలారు జిల్లాలో బడులకీ, దుకాణాలకీ, చిన్న చిన్న ఆసుపత్రులకీ వెబ్‌సైట్లు నడుపుతుంది. అవన్నీ ఉండేది ఈ రెండు పెట్టెల్లోనే. ఇన్నాళ్లూ వాటిని బెంగళూరులో ఒకరి దగ్గర అద్దెకు ఉంచింది. వాళ్లు అద్దె రెట్టింపు చేసేసరికి, నిన్న వెళ్లి విప్పి తెచ్చేసుకుంది.

ఇక్కడ చోటిస్తానన్న కంప్యూటర్ సెంటరాయన ఈ పొద్దున మాట మార్చాడు.

శ్రీనివాసపురం మామిడి మండీ గోపాలప్ప మాత్రం, "పండ్లు పెట్టే చల్లగదిలో పెట్టుకోమ్మా" అన్నాడు మంచి మనసుతో. ఆ గది గోడల మీద నీళ్లు కారుతున్నాయి.

"కరెంటు, నెట్టు పోకూడదు. గది చల్లగా, పొడిగా ఉండాల. అంతే అంకుల్. మీ కేబుల్ టీవీ రూము ఉండాదని చెప్పినారు."

ఉంది. ఇంకో రెండు రోజులే. మంగళవారం పాత ఇనుము కొనేవాడొచ్చి ర్యాకులు విప్పుకుపోతాడు.

ఒకప్పుడు చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల లైన్ల ఇళ్లన్నింటికీ ఆ గదిలోంచే టీవీ బొమ్మ వెళ్లేది. కోలారు బంగారు గనులు మూసేశాక చేతికొచ్చిన డబ్బుతో జయరాం పెట్టుకున్న గది అది. ఎవరింట పెళ్లయినా, చర్చిలో పండగయినా, ఎవరు పోయినా సాయంత్రం అతని చానల్లో కనిపించేది. ఫలానా వాళ్ల పిల్ల పాస్ అయిందంటే ఫొటో వేసేవాడు. జనం బయటికొచ్చి ఒకళ్లనొకళ్లు పిలుచుకుని చూసేవాళ్లు.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లది. మిగిలినవి అరవై ఇళ్లు.

"ఇంగ చాలు, మూసేసి ఇంటికి రా" అని భార్య గంగులమ్మ రెండేళ్లుగా అంటూనే ఉంది.

జయరాం తాళం తీశాడు.

శ్రీరక్ష ముందు గోడల్ని అరచేత్తో తడిమింది. పొడిగా ఉన్నాయి. ఏసీ పనిచేస్తోంది. మూలన బ్యాటరీలు, బయట రేకుల కింద డీజిల్ జనరేటర్.

వెంటనే కారు దగ్గరికి పరుగెత్తింది.

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని పెట్టెలు ర్యాకులోకి ఎక్కించి, నెట్ లైను కలిపారు. పన్నెండు దాటాక ఆకుపచ్చ దీపాలు వెలిగాయి.

ఒంటిగంటకు కరెంటు పోయింది.

"తొందరేం లేదు అంకుల్, బ్యాటరీ గంటసేపు నిలుస్తాది" అంటూ తిరిగి చూసింది. జయరాం అక్కడ లేడు. బయట జనరేటర్ రెండుసార్లు దగ్గి అందుకుంది.

నూనె చేతులతో లోపలికొచ్చాడు. "గంట ఉండాది గదా అని కూర్చుంటే ఎట్లమ్మా?"

"మైన్‌లో ఏం చేస్తా ఉంటిరి అంకుల్?"

"వైండింగ్ డ్రైవర్. మనుషుల్ని ఇనుప బోనులో గనిలోకి దింపేది, పైకి తెచ్చేది." గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "గంట మూడుసార్లు కొట్టిందంటే మనుషులు ఎక్కుతా ఉండారని. ఇంగ లివర్ మీద చెయ్యి తియ్యకూడదు. ఎవురన్నా పలకరిస్తే పలకకూడదు. తర్వాత షిఫ్టోడు వచ్చి చెయ్యేస్తేనే మనం లేచేది."

ఆమె వింటూ నిలబడింది.

"ఆఖరి రోజు అందర్నీ పైకి తెచ్చేసినాను. తర్వాత షిఫ్టు దొడ్డమునియప్పది, వాడొచ్చి నన్ను లేపాల. వాడు రాలేదు. వానికీ పని లేదు గదా. నేను అట్నే కూర్చునుండాను. పొద్దు గూకినాక ఫోర్‌మన్ వచ్చి భుజం మీద చెయ్యేసినాడు, 'జయరాం, లేయప్పా' అని."

చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

"అది పోనీ. దీంట్లో ఏముండాదో చూపీ."

శ్రీరక్ష లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు.

"రక్తం ఇచ్చేవాళ్లు. జిల్లాలో ఎవురికి అవసరమొచ్చినా ఇందులో చూసుకుంటారు. నిన్నటినుంచి తెరుచుకోలేదు." కింద కదిలిన ఒక వరుస మీద వేలు పెట్టింది. "ఇదో, ఇప్పుడే ముళబాగిలు నుంచి ఎవురో ఓ-నెగటివ్ రక్తం వెతుకుతా ఉండారు."

జయరాం ముందుకు వంగాడు. "దొరికిందా?"

"ఉండండి... నంబరు తీసుకున్నారు అంకుల్."

అతను దీపాల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి పాత ఇనుము కొనే అతన్ని మంగళవారం రావద్దన్నాడు.

"అద్దె ఎంతంటారు?"

"కరెంటు బిల్లు నువ్వు కట్టుకో. మిగతాది నిలదొక్కుకున్నాక చూద్దాం."

ఆమె కళ్లు తుడుచుకుని, రాబర్ట్‌సన్‌పేట వెళ్లి ఇంకో కేబుల్ కొనుక్కొస్తానంది. కారు వెళ్లిపోయింది. జనరేటర్ నడుస్తూనే ఉంది. జయరాం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

గంగులమ్మ ఫోను చేసింది. "రెండు కావస్తా ఉండాది. యాడుండావు? అన్నం చల్లారిపోతా ఉండాది."

"రాలేను మే. క్యారియర్ పంపు. డ్యూటీలో ఉండాను."

అవతల క్యారియర్ గిన్నెల చప్పుడు వినిపించింది.

"ఏ షిఫ్టు?" అంది గంగులమ్మ.